ఆపరేషన్‌కు ముందే కీమో ఎందుకు?

ప్రశ్న: అమ్మకు 58 ఏళ్లు. పొట్ట ఉబ్బితే గ్యాస్ అనుకున్నాం. స్కాన్‌లో అండాశయ క్యాన్సర్, లింఫ్ గ్రంథులకూ పాకిందన్నారు. ముందు కీమో అంటున్నారు. ఆపరేషన్ ఆలస్యమైతే ముప్పు కదా? – ఒక పాఠకురాలు, అమలాపురం

జవాబు: కాదమ్మా. గడ్డలు పేగులకు అంటుకుని ఒకేసారి పూర్తిగా తీయలేమనిపిస్తే సాధారణంగా మూడు కీమోలు, ఆపరేషన్, మళ్లీ మూడు కీమోలు. పాక్లిటాక్సెల్, కార్బోప్లాటిన్ 21 రోజులకోసారి ఇస్తారు. అయితే ముందు సూదితో ముక్క తీసి బయాప్సీ చేయాల్సిందే. రక్తపరీక్షలో చూసే సీఏ-125 అనే ప్రొటీన్ ముప్పై అయిదు దాటిందని క్యాన్సరేనని ఖాయం చేసుకోకూడదు; పొట్టలో క్షయ ఉన్నా అది పెరుగుతుంది, నీరూ చేరుతుంది. ఆపరేషన్‌లో కంటికి కనిపించే గడ్డ మిగలకపోవడమే అసలు సంగతి. ఉబ్బిన గ్రంథులు తీస్తారు. మామూలుగా ఉన్నవి తీసినా ఆయుష్షు పెరగదు. బీఆర్‌సీఏ అనే జన్యుపరీక్ష ఇప్పుడే అడగండి, కీమో తర్వాతి మాత్రలు దాన్నిబట్టే. కీమో రోజుల్లో 101 డిగ్రీల జ్వరమొస్తే తెల్లకణాలు పడిపోయి ఉండొచ్చు. కాకినాడ వెళ్లేదాకా ఆగొద్దు, ఆ రాత్రే దగ్గర్లోని ఆసుపత్రిలో యాంటీబయాటిక్ ఎక్కించాలి.