పీఎఫ్ ఆగిందని బ్లాక్‌లిస్ట్ చేసేస్తారా?

అన్నా, కాంట్రాక్టు బిల్లు ఐదు నెలలుగా రాలేదని మీ హౌస్‌కీపింగ్ వాళ్ల పీఎఫ్ మూడు నెలలు ఆపారు, ఇప్పుడు ఆ కాంట్రాక్టు ఇచ్చిన ఆఫీసు నుంచి ‘చర్య ఎందుకు తీసుకోకూడదో చెప్పండి’ అని షోకాజ్ నోటీసు వచ్చింది. అంతే కదా?

అప్పు చేసైనా ముందు పీఎఫ్ కట్టేయండి. బిల్లు రాలేదన్న మాట పీఎఫ్ ఆఫీసులో చెల్లదు. ప్రతి నెలదీ మరుసటి నెల 15 లోపు కట్టాలి; దాటితే ఏడాదికి 12 శాతం వడ్డీ, పైన డ్యామేజీలు, అంటే జరిమానా. జీతంలో పట్టుకున్న వాటా కట్టకుంటే క్రిమినల్ కేసు కూడా కావచ్చు. నేనూ ఓసారి ఆ డబ్బుతో యూనిఫాంలు కుట్టించా, తర్వాత నెలల తరబడి నిద్రలేదు.

తర్వాత నోటీసు మళ్లీ చదవండి. ‘తగిన చర్య’ అని ఊరుకున్నారా, బ్లాక్‌లిస్ట్ మాట, అంటే ఇక టెండర్లకు రానివ్వమని, ఎత్తారా? ఆ ఉద్దేశం నోటీసులోనే తెలియాలని 2014లో గోర్ఖా సెక్యూరిటీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ ధీమాతో జవాబు మాత్రం మానొద్దు. పీఎఫ్ కట్టిన చలానా కాపీలు జతచేసి గడువులోపే ఇచ్చి, మీ కాపీ మీద అందినట్టు ఇన్‌వార్డు ముద్ర, తేదీ వేయించుకోండి.

ఇక బిల్లు సంగతి. కాంట్రాక్టు నాటికే చిన్న సంస్థగా కేంద్రం ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉందా? ఉంటే 45 రోజులు దాటిన బకాయికి సర్కారు శాఖైనా ఆర్‌బీఐ ప్రకటించే బ్యాంకు రేటుకు 3 రెట్లు చక్రవడ్డీ ఇవ్వాలి. చిన్న సంస్థల బకాయిల వివాదాలు చూసే ఫెసిలిటేషన్ కౌన్సిల్‌లో కేసు వేయండి.