‘వద్దు’ అంటే ఏమవుతుంది?

ప్రశ్న: నా వయసు 34. పెళ్లయి 9 ఏళ్లు, ఇద్దరు పిల్లలు. నా భర్త తిట్టే మనిషీ కాదు, కొట్టే మనిషీ కాదు. కానీ ఇన్నేళ్లలో పడక దగ్గర నేను ఒక్కసారీ వద్దనలేదు, కావాలనీ అనలేదు. ‘నీకెలా ఇష్టం?’ అని ఈమధ్య ఆయనే అడిగితే జవాబు తట్టలేదు. ఉద్యోగం మానడం, రెండో బిడ్డను కనడం నా నిర్ణయాలే అనుకునేదాన్ని. అవన్నీ పితృస్వామ్యం నీతో చేయించినవేనని నా స్నేహితురాలు అంటోంది. అయితే నాదంటూ ఏమైనా ఉందా? నాలోనే ఏదైనా లోపమా?

జవాబు: మీ స్నేహితురాలి మాటలో నిజముంది. కానీ అక్కడితో ఆగిపోతే మీకు ఒరిగేదేమీ లేదు. ఇదివరకు ఇంట్లోవాళ్లు మీ తరఫున నిర్ణయించారు, ఇప్పుడు ఆవిడ మీ తరఫున తీర్పు చెబుతోంది. సమాజం గాలి సోకని ఇష్టం ఎవరికీ ఉండదు, మీ భర్తకైనా సరే. మగవాడికి ఎప్పుడూ కోరిక ఉండాలి, తనే మొదలుపెట్టాలి అన్నది ఆయనకూ ఎవరో నూరిపోసిందే. అందుకే ‘ఇది నిజంగా నా ఇష్టమేనా’ అని తవ్వుకుంటూ కూర్చోకండి, దానికి అడుగు దొరకదు. ‘నేను కాదంటే ఏమవుతుంది?’ అని అడగండి. దీనికి జవాబు దొరుకుతుంది.

ఉద్యోగం సంగతే తీసుకోండి. పిల్లల పని ఇద్దరూ పంచుకునే వీలుండి కూడా మీరు మానేసేవారే అయితే అది మీ ఎంపిక. ఇద్దరిలో ఒకరు మానాలి అన్నప్పుడు ‘ఎవరు’ అన్న ప్రశ్నే రాకుండా మీ పేరు ఖాయమైపోతే అది బేరం. డెనిజ్ కాండియోటి అనే స్త్రీవాద సామాజికవేత్త 1988లో దీన్ని ‘పితృస్వామ్యంతో బేరం’ అన్నారు. ఆడవాళ్లు అమాయకంగా లొంగిపోరు, ఉన్న నిబంధనల్లోనే తమకు కాస్త భద్రత, మర్యాద దక్కే దారి వెతుక్కుంటారు అని ఆవిడ వాదన. బేరం ఆడినందుకు సిగ్గుపడక్కర్లేదు. కాకపోతే బేరాన్ని మళ్లీ మాట్లాడుకోవచ్చు.

ముందు 14 రోజులు ఒక చిన్న పుస్తకం పెట్టుకోండి. పడక ఒక్కటే కాదు, విశ్రాంతి, బట్టలు, డబ్బు, ఎక్కడికైనా వెళ్లడం, అన్నీ అందులోకి వస్తాయి. మీరు ‘సరే’ అన్న ప్రతి ముఖ్యమైన సందర్భం పక్కన నాలుగు మాటల్లో ఒకటి రాయండి: కోరుకున్నాను, సరేనన్నాను, సర్దుకున్నాను, భయపడ్డాను. దాని కింద ఒక్క వాక్యం: కాదంటే ఏమయ్యేది?

మొదటి రెండిటికీ తేడా ఉంది. కోరుకోవడం, ఒప్పుకోవడం వేర్వేరు విషయాలని జోయీ పీటర్సన్, షార్లీన్ మ్యూలెన్‌హార్డ్ అనే మనస్తత్వవేత్తలు 2007లో వివరంగా చూపించారు. పెద్దగా కోరిక లేకపోయినా, దగ్గరితనం కోసం మనస్ఫూర్తిగా సరేననవచ్చు, అందులో తప్పేమీ లేదు. కాదన్నా ఏమీ కాదని తెలిసి అన్న సరే అది. మూడోది అలా కాదు. ఆయన ముఖం మాడ్చుకుంటాడనో, రేపు పిల్లల మీద విసుక్కుంటాడనో, మళ్లీ వివరణ ఇచ్చుకోవాలనో అన్న సరే. (‘సర్దుకుపోవడం’ అనే మాట వ్యాకరణంలో ఆడా కాదు, మగా కాదు. వాడుకలో ఎవరికి అంటగట్టారో మీకు తెలుసు.)

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు, వారం చివర కూర్చుని అంతా ఒకేసారి రాయడం. అప్పటికి ‘సర్దుకున్నాను’ కాస్తా ‘సరేనన్నాను’గా మారిపోతుంది, ఇన్నేళ్ల అలవాటు కదా. ఏ రోజుది ఆ రోజే రాయండి. తేల్చుకోలేకపోతే ఒంటిని అడగండి: పళ్లు బిగపట్టారా, ఊపిరి ఆపుకున్నారా, ఎప్పుడైపోతుందా అని ఎదురుచూశారా?

‘భయపడ్డాను’ అన్న మాట కనిపిస్తే, ఇక్కడి నుంచి చెప్పేవన్నీ పక్కన పెట్టండి. పుస్తకం ఆయన కంట పడనివ్వకండి. నమ్మకమైన ఒక మనిషికి, మహిళల సహాయ కేంద్రానికి విషయం చెప్పండి. గుర్తింపు కాగితాలు, కొంత డబ్బు విడిగా ఉంచుకోండి. ఆ పరిస్థితిలో ఇద్దరూ కలిసి కౌన్సెలింగ్‌కు వెళ్లడం మొదటి మెట్టు కాదు. అక్కడ నోరు విప్పి చెప్పిన నిజానికి ఇంటికొచ్చాక మూల్యం చెల్లించాల్సి రావచ్చు.

ఇక లోపం మాట. కోరిక ముందు పుట్టాలి, తర్వాతే స్పర్శ అన్నది అందరికీ వర్తించే సూత్రం కాదు. చాలామంది స్త్రీలకు, ముఖ్యంగా ఏళ్ల తరబడి సాగే బంధాల్లో, అనువైన వాతావరణంలో స్పర్శ మొదలయ్యాకే కోరిక వస్తుందని కెనడా వైద్యురాలు రోజ్‌మేరీ బాసన్ 2000లో ఒక నమూనా ప్రతిపాదించారు. అలాగని ‘మొదలుపెడితే అదే వస్తుందిలే’ అని ఎవరైనా దీన్ని వాడుకుంటే ఒప్పుకోకండి. మధ్యలో ఆపే స్వేచ్ఛ ఉన్నప్పుడే ఆ నమూనాకు అర్థం.

2018లో అచ్చయిన ఒక అమెరికా అధ్యయనంలో 52,000 మందికి పైగా పాల్గొన్నారు. సాధారణంగా లేదా ఎప్పుడూ భావప్రాప్తి పొందుతామన్నవాళ్లు స్త్రీలతో ఉండే పురుషుల్లో 95 శాతం, పురుషులతో ఉండే స్త్రీలలో 65 శాతం, స్త్రీలతో ఉండే స్త్రీలలో 86 శాతం. లోపం ఆడవాళ్ల శరీరంలోనే ఉంటే ఈ చివరి అంకె ఎక్కడిది? పురుషాంగ ప్రవేశాన్నే ‘అసలు పని’గా, మిగతాదంతా ముందుమాటగా చూసే అలవాటు చేసే నష్టం ఇది. యోనిశీర్షం, అంటే క్లిటోరిస్, పైకి కనిపించే మొన కంటే చాలా పెద్దదని, లోపలికి విస్తరించి ఉంటుందని హెలెన్ ఓకానెల్ అనే వైద్యురాలు 1998లో వివరించేదాకా ఎన్నో వైద్య గ్రంథాలు దాన్ని సరిగ్గా పట్టించుకోనే లేదు. మీకు జవాబు తట్టకపోవడంలో వింతేముంది? ముందు ఒంటరిగా, తీరిగ్గా మీ శరీరాన్ని మీరు తెలుసుకోండి. అది దొంగతనం కాదు.

నొప్పి ఉంటే మాత్రం ఓర్చుకోకండి, స్త్రీవైద్య నిపుణురాలిని కలవండి. పాలిచ్చే కాలంలో పొడిబారడం, ఇన్ఫెక్షన్, కాన్పు కుట్ల మచ్చ, కటి కండరాలు బిగుసుకుపోవడం, ఏదైనా కారణం కావచ్చు. డిప్రెషన్‌కు వాడే కొన్ని మందులు కోరికను తగ్గిస్తాయి. వాటిని సొంతంగా ఆపేయకండి, డాక్టరుతో మాట్లాడి మార్పించుకోండి. కండోమ్ వాడేటప్పుడు నూనెలు రాయకండి, లేటెక్స్ దెబ్బతింటుంది. నీటితో తయారైన లూబ్రికెంట్ వాడండి.

తర్వాత మొదటి ‘వద్దు’. తలనొప్పి సాకు చెప్పకండి. సాకు చెబితే దానికి మందు తెస్తారు, అప్పుడు ఒప్పుకోక తప్పదు. ‘ఇవాళ వద్దు. దగ్గరగా పడుకుందాం’ అంటే చాలు. ఆ పూటకు ఆయన చిన్నబుచ్చుకుంటే అది మామూలే. మూడు రోజులు మాటలు మానేస్తే, అది మీ పుస్తకంలోకి ఎక్కాల్సిన సమాచారం.

‘నీకెలా ఇష్టం’ అని అడిగిన మనిషి కాబట్టి మీకొక అవకాశం ఉంది. ‘నాకింకా తెలీదు, తెలుసుకోవాలనుంది’ అని చెప్పండి. మాస్టర్స్, జాన్సన్ అనే అమెరికా లైంగిక పరిశోధకులు రూపొందించిన స్పర్శ సాధన ఇలాంటి దంపతులకు పనికొస్తుంది. వారానికి రెండుసార్లు, ఫోన్లు లేకుండా అరగంట. పావుగంట ఒకరు తాకాలి, పావుగంట మరొకరు. మొదటి రెండు మూడు వారాలు రొమ్ములు, జననాంగాల జోలికి పోకూడదు, సంభోగం అసలే వద్దు. తాకేవాళ్లు ఎదుటివారిని మెప్పించడం మీద కాదు, తమ వేళ్లకు తెలిసే వెచ్చదనం, నునుపు మీద ధ్యాస పెట్టాలి. తాకించుకునేవాళ్లు ఇబ్బందిగా ఉంటే చెప్పాలి. తర్వాత ఆ భాగాలనూ చేర్చండి, సంభోగం మాత్రం ఇంకా ఆగాలి.

ఇది ఎక్కువగా చెడేది బాగా సాగిన రాత్రే. ‘ఇంత బాగుంది కదా’ అని నియమం తప్పుతారు. దాంతో ఏ స్పర్శ అయినా చివరికి అక్కడికే దారితీస్తుందని మీ ఒళ్లు మళ్లీ పాత పాఠమే నేర్చుకుంటుంది. అలా జరిగితే గొడవ వద్దు, మొదటి వారం నుంచి మళ్లీ మొదలుపెట్టండి. ఆయనకు బాగుండాలని మీరు నటించడం ఇంకో చిక్కు. బాగోలేనప్పుడు మూలగకండి, అంతే.

రెండో బిడ్డ గురించి: ఆ పాపనో బాబునో ప్రాణంగా చూసుకోవడం, ఆ నిర్ణయంలో మీ మాట సరిగ్గా వినిపించలేదనడం, రెండూ ఒకేసారి నిజం కావచ్చు. ఇకమీదట గర్భనిరోధం ఏది, ఎవరు వాడాలి అన్నది మాత్రం ఇప్పుడే మాట్లాడుకోండి. ఉద్యోగం సంగతి పడకగదిలో ఎత్తకండి, ఈ సాధన మొదలుపెట్టిన వారంలోనూ వద్దు. పగటిపూట, ఇంటి పనుల జాబితా కాగితం మీద రాసుకుని కూర్చోండి. ఏ పని ఎవరు చేస్తున్నారన్నదే కాదు, ఏది ఎవరు గుర్తుపెట్టుకుంటున్నారో కూడా రాయండి.