ఛాంపియన్‌ను ఓడించినవారికి రజతం

ప్రశ్న: 1976 మాంట్రియల్ ఒలింపిక్స్ కుస్తీలో స్వర్ణం అందుకున్న దక్షిణ కొరియా మల్లయోధుణ్ణి మంగోలియాకు చెందిన ఒయిదొవ్ ఓడించారనీ, అయినా ఆయనకు రజతమే దక్కిందనీ చదివాను. గెలిచినవారు రెండో స్థానంలో ఎలా నిలుస్తారు?
– ఒక పాఠకుడు, బోధన్

జవాబు: మీరు చదివింది నిజమే. జెవెగీన్ ఒయిదొవ్ 62 కిలోల ఫ్రీస్టైల్ విభాగంలో 1974లో ఇస్తాంబుల్‌లోనూ, మరుసటి ఏడాది మిన్స్క్‌లోనూ ప్రపంచ విజేతగా నిలిచి, ఆ రెండు స్వర్ణాలతో మాంట్రియల్‌కు వచ్చారు. (మంగోలియా పేర్లలో ముందుండేది తండ్రి పేరు. ‘జెవెగీన్’ అంటే జెవెగ్ బిడ్డ అని అర్థం. అది మన ఇంటిపేరు వంటిది కాదు.)

చిక్కంతా ఆనాటి లెక్కలో ఉంది. అప్పుడు కుస్తీలో తప్పుమార్కుల పద్ధతి నడిచేది. ప్రత్యర్థి భుజాలు చాపకు ఆనించి చిత్తు చేస్తే సున్నా, పాయింట్ల మీద మామూలుగా గెలిస్తే ఒకటి, పాయింట్ల మీద ఓడితే మూడు, చిత్తయితే నాలుగు తప్పుమార్కులు పడేవి. అవి ఆరుకు చేరినవారు పోటీ నుంచి తప్పుకోవాల్సిందే. చివరికి మిగిలిన ముగ్గురి మధ్య జరిగిన కుస్తీల లెక్కను బట్టే పతకాలు తేలేవి. ఆ ముగ్గురు ఒయిదొవ్, దక్షిణ కొరియా యోధుడు యాంగ్ జంగ్‌మో, అమెరికన్ జీన్ డేవిస్. యాంగ్ డేవిస్‌ను చిత్తు చేశారు. డేవిస్ పాయింట్ల మీద ఒయిదొవ్‌ను ఓడించారు. ఒయిదొవ్ 10–8తో యాంగ్‌ను ఓడించారు. ముగ్గురూ తలా ఒకటి గెలిచి ఒకటి ఓడారు గనుక తప్పుమార్కులే తీర్పు చెప్పాయి: యాంగ్‌కు మూడు, ఒయిదొవ్‌కు నాలుగు, డేవిస్‌కు ఐదు. స్వతంత్ర దక్షిణ కొరియాకు తొలి ఒలింపిక్ స్వర్ణం అలా ఓడిన కుస్తీతో కలిపి వచ్చింది.

ఇందులో అన్యాయం జరిగిందని నేను అనను. ఒయిదొవ్ స్వర్ణం పోగొట్టుకున్నది యాంగ్ చేతిలో కాదు, డేవిస్ చేతిలో. పైగా ఒకరిని చిత్తు చేయడాన్నీ పాయింట్ల మీద గట్టెక్కడాన్నీ ఒకే గాటన కట్టకూడదన్న ఉద్దేశం మంచిదే. కానీ మంగోలియా ప్రేక్షకులకు ఈ లెక్క ఎంత వింతగా తోచి ఉంటుందో ఊహించవచ్చు. వాళ్ల సంప్రదాయ కుస్తీ ‘బోఖ్’లో బరువు విభాగాలు లేవు, మోకాలో మోచేయో నేలకు తగిలిందా, అంతటితో ఓటమే; జూలైలో జరిగే నాదమ్ ఉత్సవంలో ఒక్కసారి ఓడినవారికి మళ్లీ అవకాశం ఉండదు. గెలిచినవారు ఎవరో తెలుసుకోవడానికి అక్కడ కూడికలు అక్కర్లేదు. ఇప్పటి ఒలింపిక్స్‌లోనూ ఫైనల్లో గెలిచినవారిదే స్వర్ణం.

ఇంకొక మాట. 1968లో ముంఖ్‌బాత్, 1972లో బయన్‌ముంఖ్, 1976లో ఒయిదొవ్, 1980లో దవాజావ్, ఇలా వరసగా నాలుగు ఒలింపిక్స్‌లో మంగోలియా ఫ్రీస్టైల్ కుస్తీలో రజతం దగ్గరే ఆగిపోయింది. ఆ దేశానికి తొలి ఒలింపిక్ స్వర్ణం మాంట్రియల్ తర్వాత 32 ఏళ్లకు, 2008 బీజింగ్‌లో వచ్చింది. అదీ తువ్‌షిన్‌బయర్ జూడోలో సాధించినది. కుస్తీ స్వర్ణం 2024 పారిస్‌లో కూడా రాలేదు.