ఎంపీసీ ఈఎంఐలో కొనాలా, ల్యాప్‌టాప్‌తోనే సర్దుకోవాలా?

ప్రశ్న: నా వయసు 27. హైదరాబాద్‌లో ఉద్యోగం, చేతికొచ్చే జీతం రూ.46,000. ఇంటి ఖర్చులు 30,000, సిప్ 5,000. రాత్రిళ్లు, సెలవు రోజుల్లో షార్ట్ ఫిలింలకు, యూట్యూబ్ ఛానళ్లకు బీట్లు, బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్ చేస్తుంటాను. ఏడాది సగటున నెలకు 9,000 దాకా వస్తోంది, కొన్ని నెలలు ఏమీ రాదు. బ్యాంకులో 1.10 లక్షలున్నాయి. 8 జీబీ ర్యామ్ ల్యాప్‌టాప్, మైకు, వాయిద్యాలను ల్యాప్‌టాప్‌కు కలిపే రెండు ఇన్‌పుట్ల ఆడియో ఇంటర్‌ఫేస్, హెడ్‌ఫోన్స్ ఉన్నాయి. ఎఫ్‌ఎల్ స్టూడియో అనే మ్యూజిక్ సాఫ్ట్‌వేర్ క్రాక్ వెర్షన్ (లైసెన్సు లేని కాపీ) వాడుతున్నాను. షాపులో అకాయ్ ఎంపీసీ వన్ ప్లస్ శాంప్లర్ (శబ్దాల ముక్కలను ఎక్కించుకుని ప్యాడ్లు కొట్టి బీట్లు చేసే మెషీన్) 85,000కి 12 నెలల నో కాస్ట్ ఈఎంఐలో ఇస్తామంటున్నారు. హార్డ్‌వేర్ శాంప్లర్‌లో సౌండ్ 'వార్మ్'గా (నిండుగా, చెవికి హాయిగా) ఉంటుందని, రేపు అమ్ముకున్నా డబ్బు వస్తుందని, పన్ను కూడా తగ్గుతుందని ఫ్రెండ్స్ అంటున్నారు. కొనమంటారా?

జవాబు: ఇప్పుడు వద్దు. ఏడాది ఆగితే దాదాపు మీ మ్యూజిక్ సంపాదనతోనే, అప్పు లేకుండా కొనుక్కోవచ్చు. అప్పటికి అది మీకు అక్కర్లేదనిపించే అవకాశమూ ఉంది.

ముందు ఈఎంఐ సంగతి. నో కాస్ట్ అంటే వడ్డీ లేదని కాదు, వడ్డీ మేరకు ధరలో తగ్గింపు చూపిస్తారని. వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ మాత్రం మీరే కట్టాలి. కార్డు వడ్డీ ఏడాదికి 15 శాతం అనుకుంటే అది సుమారు 1,170 రూపాయలవుతుంది, ప్రాసెసింగ్ ఫీజు అదనం. డబ్బు మొత్తం ఒకేసారి కడితే షాపువాళ్లు ఎంత తగ్గిస్తారో అడగండి, ఈఎంఐలో ఆ తగ్గింపు కూడా పోతుంది. ఇవన్నీ కలిపినా పెద్ద నష్టం కాదు. ఇబ్బంది వేరే చోట ఉంది. నెలకు 30,000 ఖర్చున్న మీకు ఆరు నెలల అత్యవసర నిధి అంటే 1.80 లక్షలు ఉండాలి. ఇంకా 70,000 తక్కువ. జీతంలో ఖర్చులు, సిప్ పోగా మిగిలేది 11,000 కాబట్టి ఏడు నెలల్లోపే ఆ లోటు పూడుతుంది. నెలనెలా 7,083 ఈఎంఐ పెట్టుకుంటే మిగిలేది నాలుగు వేల లోపే. ఈఎంఐ తీరే ఏడాది పాటు నిధి అరకొరగానే ఉంటుంది. ఈలోగా ఉద్యోగానికి ఏదైనా అయితే మ్యూజిక్ ఆదాయం ఆదుకుంటుందన్న భరోసా లేదు, కొన్ని నెలలు అసలేమీ రాదని మీరే రాశారు.

ఇక మీ ఫ్రెండ్స్ చెప్పిన మూడు మాటలు. పన్ను సంగతి తేల్చేయడం తేలిక. మీ జీతం, మ్యూజిక్ ఆదాయం కలిపినా ఏడాదికి ఏడు లక్షల లోపే కనిపిస్తోంది. 2025-26 నుంచి కొత్త పన్ను విధానంలో 12 లక్షల దాకా ఆదాయానికి రిబేట్ ఉంది. అంటే ఆదా చేసుకోవడానికి మీకు పన్నే లేదు. ఎవరైనా క్లయింటు 10 శాతం టీడీఎస్ కోసి ఉంటే రిటర్ను వేసి వెనక్కి తెచ్చుకోండి, మీరు చేయాల్సింది అంతే. ఆదాయం పెరిగి లెక్కల పుస్తకాలు రాసే స్థాయికి వచ్చినా తరుగుదల (పరికరం విలువ ఏటా తగ్గే మేరకు ఖర్చుగా చూపే లెక్క) విషయంలో సాఫ్ట్‌వేర్‌దే పైచేయి: కంప్యూటర్లకు, సాఫ్ట్‌వేర్‌కు ఏడాదికి 40 శాతం, మామూలు యంత్ర సామగ్రికి 15 శాతం, 180 రోజుల కన్నా తక్కువ వాడితే అందులో సగం. అదే వచ్చిన ఫీజులో సగాన్ని లాభంగా చూపే అంచనా పద్ధతిలో (పాత చట్టంలో 44ఏడీఏ సెక్షన్) పన్ను కడితే, ఏ పరికరం కొన్నా విడిగా తగ్గేది ఏమీ ఉండదు.

వార్మ్‌త్ మాట అబద్ధం కాదు, కానీ అది పాత మెషీన్ల గురించి చెప్పాల్సిన మాట. 1987లో వచ్చిన ఈము ఎస్పీ-1200 అనే శాంప్లర్ 12 బిట్లలో, 26.04 కిలోహెర్ట్జ్‌లో, అంటే సీడీ కన్నా తక్కువ నాణ్యతతో రికార్డు చేసేది. మొత్తం మెమరీ పది సెకన్లే. చోటు సరిపోక 33 ఆర్‌పీఎం గ్రామఫోన్ రికార్డును 45 వేగంలో తిప్పి శాంపిల్ చేసి, తర్వాత పిచ్ దించేవారు. న్యూయార్క్ హిప్‌హాప్‌లో వినిపించే ఆ గరుకుదనం అలా పుట్టిందే. ఎంపీసీ వన్ ప్లస్ అలాంటిది కాదు. అందులో వేసిన వేవ్ ఫైలు, మీ ల్యాప్‌టాప్‌లో వేసిన అదే ఫైలు మీ చెవికి తేడా తెలియనంత దగ్గరగా ఉంటాయి. ఆ గరుకుదనమే కావాలంటే బిట్ క్రషర్ ప్లగిన్‌లో (శబ్దం నాణ్యతను కావాలనే తగ్గించే చిన్న సాఫ్ట్‌వేర్) 12 బిట్లు, 26 కిలోహెర్ట్జ్ పెట్టి చూడండి, పైసా ఖర్చు లేదు.

రీసేల్ మాటలో కొంత నిజముంది. పేరున్న బాక్సుకు సెకండ్‌హ్యాండ్‌లో గిరాకీ ఉంటుంది, సాఫ్ట్‌వేర్ లైసెన్సునైతే కొన్ని కంపెనీలు వేరొకరి పేరు మీదకు మార్చనివ్వవు. అయితే 85,000 పెట్టి కొన్నది ప్యాడ్లు అరిగాక ఎంత పలుకుతుందో ఓఎల్‌ఎక్స్‌లో నెల రోజులు గమనించండి. అడిగే ధర కాదు, అమ్ముడుపోయే ధర తెలుసుకోండి. కొని, ఏడాది వాడి అమ్మితే పోయే మొత్తమే దాని అసలు ఖర్చు. సాఫ్ట్‌వేర్ ధరతో పోల్చాల్సింది ఆ మొత్తాన్నే.

ఇవన్నీ పక్కనపెట్టినా, మీకు డబ్బు తెస్తున్న పనిని చూడండి. షార్ట్ ఫిలిం డైరెక్టరు రాత్రి పదకొండింటికి ఫోన్ చేసి, 'ఆ సీన్‌లో నాలుగు సెకన్లు కోసేశాం, మ్యూజిక్ సర్దండి' అంటాడు. సాఫ్ట్‌వేర్‌లో వీడియో టైమ్‌లైన్‌తో పాటే నడుస్తుంది కాబట్టి క్లిప్ జరిపి, టెంపో ఒక పిసరు మార్చి పంపేస్తారు. శాంప్లర్‌లో బొమ్మ కనిపించదు, ప్యాటర్న్‌లు బార్ల (తాళం ఆవర్తాల) లెక్కన నడుస్తాయి. చివరికి ట్రాకులన్నీ ల్యాప్‌టాప్‌లోకి తెచ్చుకునే పని చేయాలి. ఎంపీసీలో ఈ బాధ కొంత నయం, ట్రాకులను విడివిడి ఫైళ్లుగా ఎక్స్‌పోర్ట్ చేస్తుంది. స్టీరియో అవుట్ ఒక్కటే ఉండి, విడి ఎక్స్‌పోర్ట్ లేని బాక్సుల్లో నాలుగు నిమిషాల పాటకు పది ట్రాకులంటే నలభై నిమిషాలు కూర్చుని రికార్డు చేసుకోవాల్సిందే. మెమరీ కూడా చూసుకోవాలి. ఎలెక్ట్రాన్ డిజిటాక్ట్ అనే మరో శాంప్లర్ మొదటి మోడల్‌లో ప్రాజెక్టుకు 64 ఎంబీ, అంటే మోనోలో సుమారు 11 నిమిషాలు. బీట్లకు అది బోలెడు, డైలాగుల వెనక సాగే పొడవాటి యాంబియెన్స్‌కు (వాతావరణ శబ్దాలకు) చాలదు.

షాపువాడు చెప్పని ఖర్చులూ ఉన్నాయి. మీ ఇంటర్‌ఫేస్‌కు ఇన్‌పుట్లు రెండే. ఎంపీసీ ఎడమ, కుడి కేబుళ్లు గుచ్చితే మైకుకు చోటుండదు, ప్రతిసారీ పీకి పెట్టాలి, లేదా పెద్ద ఇంటర్‌ఫేస్ కొనాలి. వన్ ప్లస్‌లో బ్యాటరీ లేదు. సేవ్ చేయకముందు కరెంటు పోతే ర్యామ్‌లో ఉన్న పని పోయినట్టే, కాబట్టి యూపీఎస్ కూడా లెక్కలో వేసుకోండి.

మొదటి మూడు నెలల మ్యూజిక్ డబ్బు, అంటే సుమారు 27,000, ల్యాప్‌టాప్ మీద పెట్టండి. ఎక్కువమంది 'హార్డ్‌వేర్ అయితే టైట్‌గా ఉంటుంది' అనేది నిజానికి లేటెన్సీ గురించి, అంటే ప్యాడ్ కొట్టినదానికీ శబ్దం వినిపించడానికీ మధ్య ఆలస్యం గురించి. 44.1 కిలోహెర్ట్జ్‌లో బఫర్ (శబ్దాన్ని ఒక్కోసారి ఎంత పోగేసి పంపాలో చెప్పే సెట్టింగ్) 512 ఉంటే ఆ ఒక్క దశలోనే 11.6 మిల్లీసెకన్లు పోతాయి. 128కి దించితే 2.9. ఇంటర్‌ఫేస్ కంపెనీ ఇచ్చిన, ఆలస్యం తగ్గించే ఏఎస్ఐఓ డ్రైవరే వేసి, బఫర్ దించి ప్యాడ్ వాయించి చూడండి. చిటపటలు వస్తే ప్రాసెసర్‌కు ఊపిరాడట్లేదని అర్థం. పెద్ద శాంపిల్ లైబ్రరీ తెరిచినప్పుడే తడబడితే ర్యామ్ చాలట్లేదు, అప్పుడే 16 జీబీ చేయించండి. ర్యామ్ బోర్డుకే అతికించిన మోడలైతే మార్చడం కుదరదు, మెకానిక్‌కు డబ్బులిచ్చే ముందే కనుక్కోండి.

రెండోది లైసెన్సు. ఇది నచ్చచెప్పే విషయం కాదు, మానేయాల్సిందే. తెలిసీ క్రాక్ వాడటమే చట్టరీత్యా తప్పు, పైగా అదే ల్యాప్‌టాప్‌లో మీ బ్యాంకు లాగిన్ ఉంది. ఎఫ్‌ఎల్ స్టూడియోకే అలవాటు పడ్డారు కాబట్టి ప్రొడ్యూసర్ ఎడిషన్ తీసుకోండి. చవకైన ఫ్రూటీ ఎడిషన్‌లో ఆడియో రికార్డింగ్ ఉండదు. ఒకసారి కొంటే కొత్త వెర్షన్లకు మళ్లీ కట్టక్కర్లేదు. అది భారమనిపిస్తే రీపర్ అనే మ్యూజిక్ సాఫ్ట్‌వేర్ 60 డాలర్లకే వస్తుంది, సంగీతం మీద ఏడాది రాబడి 20,000 డాలర్లు దాటనివారికి ఆ ధర. డాలర్లలో కట్టేటప్పుడు కార్డు ఫారెక్స్ మార్కప్ (విదేశీ కరెన్సీ రుసుము), దానిపై జీఎస్టీ, కొన్నిచోట్ల కొనుగోలు మీద 18 శాతం జీఎస్టీ కలుస్తాయి. చివరి బిల్లు చూశాకే నొక్కండి. మిగిలిన దాంట్లో ఎనిమిది ప్యాడ్లున్న చిన్న యూఎస్‌బీ కంట్రోలర్ ఒకటి. అకాయ్ ఉచితంగా విడుదల చేసిన ఎంపీసీ బీట్స్ సాఫ్ట్‌వేర్‌తో దాన్ని కలిపితే, 85,000 పెట్టకుండానే ఎంపీసీ పద్ధతి మీ చేతికి నప్పుతుందో లేదో తెలిసిపోతుంది.

నాలుగో నెల నుంచి మ్యూజిక్ డబ్బు మొత్తం విడి ఖాతాలో వేయండి, జీతంలో మిగిలే 11,000 అత్యవసర నిధికి. తొమ్మిది నెలలకు సగటున 81,000 అవుతుంది, తక్కువపడే నాలుగు వేలు అప్పటికి జీతంలోంచి తీయొచ్చు. అప్పటికి పబ్బులోనో, కాలేజీ ఫెస్టులోనో స్టేజీ మీద వాయించే పిలుపులు వస్తుంటే ఎంపీసీ కొనండి. ల్యాప్‌టాప్ లేకుండా నిలబడి వాయించడంలో దానికి సాటి లేదు, ఆ ఫీజులే దాని ఖర్చు తెస్తాయి. పిలుపులు లేకపోతే ఆ డబ్బు వేరే పనికి ఉంటుంది.

హార్డ్‌వేర్ అయినా సాఫ్ట్‌వేర్ అయినా, పాత సినిమా పాటల్లోంచి ముక్క కోసి వాడితే రెండు హక్కులకు అనుమతి కావాలి: పాటకు ఒకటి, రికార్డింగుకు ఒకటి. మన దేశంలో రికార్డింగు మీద హక్కు విడుదల తర్వాత 60 ఏళ్లు ఉంటుంది. క్లయింటు వీడియోకు కాపీరైట్ క్లెయిమ్ పడితే యాడ్ డబ్బు హక్కుదారుకు పోతుంది, మీ ఫీజు వెనక్కి అడుగుతారు. రాయల్టీ ఫ్రీ ప్యాకులైతే (ఒకసారి కొని, మళ్లీ రాయల్టీ కట్టకుండా వాడుకునే శబ్దాలు) కొన్న రసీదు, లైసెన్సు పేజీ దాచుకోండి.

సెకండ్‌హ్యాండ్‌లో దొరికితే డబ్బు ఇచ్చే ముందు పదహారు ప్యాడ్లనూ మెల్లగా, గట్టిగా కొట్టి చూడండి, రెండు దెబ్బలకూ ఒకే శబ్దం వస్తే సెన్సర్ పోయి ఉండొచ్చు. నాబ్‌లు నెమ్మదిగా తిప్పితే అంకెలు గెంతకూడదు. టచ్ స్క్రీన్ నాలుగు మూలలూ నొక్కండి, మెమరీ కార్డులోంచి ఫైలు తెరవండి, హెడ్‌ఫోన్ జాక్‌ను కదిపి వినండి. కంపెనీ ఖాతాలో మెషీన్ రిజిస్ట్రేషన్, దాంతో వచ్చిన సాఫ్ట్‌వేర్ మీ పేరు మీదకు మారుస్తామని ఒప్పుకుంటేనే బేరం కుదుర్చుకోండి. అమెరికా నుంచి బంధువులతో తెప్పిస్తే కస్టమ్స్ పరిమితి ముందే చూడమనండి, వారంటీ ఇక్కడ చెల్లుతుందో లేదో రాతపూర్వకంగా అడగండి.