చిట్టి గురుకులం సీటు గురించి

బిడ్డా,

చిట్టికి గురుకులంలో ఐదో తరగతి సీటు వచ్చిందని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. అదీ యాదాద్రి భువనగిరి జిల్లాలో అట. ఎంత సంతోషమైందో! కాసేపటికే గుబులు కూడా మొదలైంది. జడ తానే వేసుకోవడం రాని పిల్ల కదా అది.

సీటు మాత్రం వదులుకోకండి. రాష్ట్రంలో గురుకులాలకు పునాది పడ్డదే ఆ జిల్లాలో. 1971లో పి.వి. నరసింహారావు గారి చొరవతో సర్వేల్‌లో తొలి గురుకులం పెట్టారు. అప్పుడు అదంతా నల్గొండ జిల్లా, మన సూర్యాపేట కూడా అందులోదే. 2016లో జిల్లాలు విడగొట్టాక మనం వేరు, వాళ్లు వేరు అయ్యాం.

పెట్టె, తాళం, దుప్పటి, పళ్లెం సంగతి వాళ్లిచ్చే లిస్టులో ఉంటుంది. బట్టల మీద పేరు దారంతో కుట్టు, స్కెచ్ పెన్ను రాత ఉతికితే పోతుంది.

కాగితాల విషయం మాత్రం నిదానంగా చదువు, అల్లుడికీ చదివించు. మన దగ్గర జిల్లా స్థాయి ఉద్యోగాల్లో 95 శాతం లోకల్ వాళ్లకే. 2018 రాష్ట్రపతి ఉత్తర్వులు వచ్చాక, ఒకటి నుంచి ఏడో తరగతి వరకు ఎక్కువ ఏళ్లు ఎక్కడ చదివితే అక్కడే లోకల్. చిట్టి ఒకటి నుంచి నాలుగు వరకు సూర్యాపేటలోనే చదివింది కాబట్టి, ఐదు, ఆరు, ఏడు అక్కడ చదివినా మన జిల్లాకే లోకల్ అవుతుంది. కానీ ఆ నాలుగేళ్లు చదివినట్టు చేతిలో కాగితం ఉండాలి.

మా తమ్ముడి కొడుకు సంగతి నీకు సగమే తెలుసు. వాడు నాలుగో తరగతి దాకా ఇక్కడే ఒక చిన్న ప్రైవేటు బడిలో చదివాడు, తర్వాత నల్గొండలో చేర్చారు. టీసీ వచ్చింది కదా, అది చాలని తమ్ముడు అనుకున్నాడు. ఆ టీసీ కొత్త బడి ఫైల్లోకి పోయింది. కొన్నేళ్లకు ఆ చిన్న బడి మూతపడింది. వాడు టీచర్ పోస్టుకు పరీక్ష బాగా రాశాడు, సర్టిఫికెట్ల వెరిఫికేషన్‌కు పిలిచారు. ఒకటి నుంచి నాలుగు దాకా బోనఫైడ్, అంటే ఆ బడిలో చదివినట్టు బడివాళ్లు రాసిచ్చే కాగితం, ఏదని అడిగారు. అప్పుడు మొదలైంది తిరగడం. బడి ఉన్న చోట ఇప్పుడు సిమెంటు దుకాణం. రిజిస్టర్లు మండల విద్యాశాఖ ఆఫీసులో ఇచ్చి ఉంటారన్నారు, అక్కడికి పోతే బీరువాలన్నీ వెతికారు, దొరకలేదు. తహసీల్దార్ దగ్గర నివాస ధ్రువపత్రం తీసుకునేలోపు గడువు దాటింది. ఆ రాత్రి వాడు అన్నం ముందు కూర్చుని ముద్ద కలిపి, తినకుండానే చెయ్యి కడుక్కున్నాడు. మార్కులు తక్కువైతే మళ్లీ చదువుకోమని చెప్పొచ్చు. అప్పుడు వాడికి ఏం చెప్పాలో మాకెవరికీ తెలియలేదు.

అందుకే టీసీ తీసుకునే రోజే ఒకటి నుంచి నాలుగు దాకా బోనఫైడ్ కూడా రాయించుకో. ఏ తరగతి ఏ సంవత్సరం, అడ్మిషన్ నంబరు, బడి ఊరు, మండలం, జిల్లా, హెడ్‌మాస్టర్ సంతకం, ముద్ర అన్నీ ఉండాలి. టీసీ ఇచ్చేముందు జిరాక్స్ దగ్గర పెట్టుకో. అడ్మిషన్ రిజిస్టర్ ఒకసారి చూపించమని అడుగు, మొహమాటపడకు. అందులో పుట్టిన తేదీ అంకెల్లోనూ అక్షరాల్లోనూ రాస్తారు. ఇంటి పేరు స్పెల్లింగ్ ఆధార్‌లో ఒకరకంగా, అక్కడ ఒకరకంగా ఉంటే ఇప్పుడే సరిచేయించు. పదో తరగతి మెమో మీద పడ్డాక మార్పించాలంటే చుక్కలు కనబడతాయి. ఆన్‌లైన్‌లో కూడా పాత బడి వాళ్లు పేరు వదిలితేనే కొత్త బడి వాళ్లు చేర్చుకోగలరు, ఆ మాట కూడా గుర్తుచెయ్యి.

ఇక పిల్ల సంగతి. మొదటి వారం ఏడుస్తుందని అందరూ చెప్తారు. నేను గురుకులంలో పనిచేసినన్నాళ్లూ చూసింది వేరు. కొత్తలో కొత్త స్నేహాల హడావుడి ఉంటుంది. అసలు కష్టం దసరా సెలవులకు ఇంటికొచ్చి మళ్లీ పోయేటప్పుడు. అప్పుడు ఫోన్‌లో "తీసుకుపో అమ్మా" అంటుంది. "వచ్చే వారం వస్తా" అని మాత్రం అబద్ధం చెప్పకు. గేటు దగ్గర నిలబడి ఎదురుచూసే పిల్లల్ని చాలామందిని చూశాను, వాళ్లను లోపలికి తీసుకుపోవడం మా వల్ల అయ్యేది కాదు. ఎప్పుడొస్తావో నిజం చెప్పు, చెప్పిన రోజున పో. బాగున్నావా అని అడిగితే ఊఁ అంటుంది. మధ్యాహ్నం పక్కన ఎవరు కూర్చున్నారు, ఏం కూర పెట్టారు అని అడుగు, అప్పుడు అన్నీ బయటికొస్తాయి. ఎవరైనా కొట్టినా, ఒంట్లో బాగాలేకపోయినా దాచొద్దని ముందే చెప్పి పెట్టు. అలాంటిది వింటే మాత్రం ఆదివారం దాకా ఆగకు, ఆ రోజే బస్సెక్కు.

నువ్వు మాత్రం దాని ముందు ఏడవకు తల్లీ. ఏడుపొస్తే నాకు ఫోన్ చెయ్యి, ఎంతసేపైనా వింటాను.

పెట్టె కొనొద్దు, నేను తెస్తున్నా. బోనఫైడ్ చేతికి రాగానే ఫోటో తీసి పంపు. స్పెల్లింగ్ అంతా చూసి చెప్తాను, అప్పటిదాకా హెడ్‌మాస్టర్ గది దగ్గరనుంచి కదలకు.

మీ మామయ్య