తోతాపురి ధర, జనం వాదన: మేనకోడలికి లేఖ

తిరుపతి

అమ్మాయికి, మామయ్య ఆశీస్సులు.

తోతాపురి మామిడి ధర మీద సామాజిక మాధ్యమాల్లో జనం రాసినవి పోగుచేసి, కంప్యూటర్‌తో వాదనలు విడదీస్తున్నావట. చిత్తూరు పిల్లవి కనుక ఆ విషయం ఎంచుకోవడం సబబే. కానీ ఐదు వేల వ్యాఖ్యలను ఒక్క రాత్రిలో ప్రభుత్వ సాయానికి ‘అనుకూలం, వ్యతిరేకం’ అని పంచేశానన్న చోట నాకు భయం వేసింది.

2025లో కిలోకు గుజ్జు తీసే ఫ్యాక్టరీలు 8 రూపాయలు ఇవ్వాలని, ప్రభుత్వం 4 రూపాయలు కలుపుతుందని అన్నారు కదా. ఒక రైతు ఇలా రాశాడనుకో: ‘ఫ్యాక్టరీవాళ్లు గొంతు కోస్తున్నారు, ఆ నాలుగూ రాకపోతే చెట్లు కొట్టేసుకోవాల్సిందే.’ యంత్రం కోపాన్ని చూసి వ్యతిరేకం అంటుంది. నిజానికి ఆయన ఆ సాయాన్ని కోరుకుంటున్నాడు. కోపం ఎవరి మీద, మొగ్గు దేని వైపు అన్నవి రెండు వేర్వేరు గడుల్లో రాసుకో.

ఆ తర్వాత కారణం. ప్రతిపాదన, ఆధారం, రెంటినీ కలిపే సూత్రం అని 1958లో తత్వవేత్త స్టీఫెన్ టూల్మిన్ చూపిన పద్ధతి పట్టుకున్నావు, మంచిదే. మన సంస్కృత విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం, అంటే మన పాత తర్కం, చదివేవారితోనూ ఒక పూట కూర్చో. వాళ్లు చెప్పే ఉదాహరణ ఇది: కొండ మీద నిప్పుంది, పొగ కనిపిస్తోంది గనుక. పొగ ఉన్నచోట నిప్పు ఉంటుంది, వంటింట్లో లాగా. (వేసవిలో శేషాచలం వైపు చూస్తే ఆ ఉదాహరణ కళ్లెదుటే దొరుకుతుంది.) రాసేవాళ్లు ఎక్కువగా మింగేసేది ఆ మధ్య సూత్రాన్నే. ‘గోదాముల్లో పోయినేటి గుజ్జు మూలుగుతుంటే ధర ఎక్కడి నుంచి వస్తుంది?’ అన్నది ప్రశ్న కాదు, వాదన. నిల్వ పేరుకుంటే గిరాకీ పడిపోతుందన్న ముక్కను నువ్వే పూరించాలి.

ఇంకొకటి. పదాల చివరలు కత్తిరించి యంత్రానికి ఇస్తున్నావేమో చూసుకో. ‘డబ్బు వేశారు’కి, ‘డబ్బు వేశారట’కి మధ్య ఉన్నది ఒక్క ‘ట’. ఆ ‘ట’ పోతే వినికిడి మాట కాస్తా సాక్ష్యమైపోతుంది. ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన తెలుగునూ పారేయకు.

సరిచూడటానికి నువ్వు, నీ స్నేహితురాలు విడివిడిగా గుర్తులు పెట్టి, 100లో 82 చోట్ల కలిశామని సంబరపడ్డారు. ఇద్దరూ తలా తొంభైకి ‘వ్యతిరేకం’ పెట్టారు కదా? వ్యాఖ్యలు చదవకుండా అదే వాటాలో పెట్టినా సగటున 82 చోట్ల కలుస్తారు: 81 వ్యతిరేకం, 1 అనుకూలం. అలా గుడ్డిగా కలిసే వాటాను తీసేసి చూసే లెక్క ఒకటుంది, 1960లో జేకబ్ కోహెన్ ఇచ్చిన కప్పా. దాని ప్రకారం మీకు దక్కేది సున్నా. నొచ్చుకోకు, ఉద్యోగంలో ఉన్నప్పుడు నేనైతే రెండో మనిషినే పెట్టుకోకుండా నివేదిక రాసి నవ్వులపాలయ్యాను.

విభేదించిన ఆ 18 వ్యాఖ్యలను పెద్ద అక్షరాలతో అచ్చువేసి ఆదివారం తీసుకురా. మీ నాన్నను కూడా వెంటబెట్టుకురా. కాయ కోసి ఫ్యాక్టరీ ముందు ట్రాక్టరుతో వరుసలో నిలబడ్డ మనిషి వాటిని ఎలా చదువుతాడో విందాం.

మామయ్య