మేకల కోసం కంచె వేస్తుంటే బావగారు పని ఆపించారు

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా మందస మండలం. మావారు పని కోసం చెన్నై వలస వెళ్లారు. ఉమ్మడి ఆస్తి పంపకాల్లో మాకు 70 సెంట్ల కొబ్బరి, జీడితోట వచ్చింది. మేకలు, రెండు ఆవులు ఉన్నాయి. వాటి కోసం తోట చుట్టూ స్తంభాలు పాతిస్తుంటే, పక్క వాటా ఉన్న మా బావగారు వచ్చి హద్దు జరిపామని, తన కళ్లానికి దారి మూసేస్తున్నామని పని ఆపించారు. రాత్రిళ్లు ఎలుగుబంటి భయం. మోటారు నుంచి తీగకు కరెంటు ఇవ్వమని కొందరంటున్నారు. బావగారి ఆవులు మా తోటలో పడితే కట్టేయవచ్చా?

జవాబు: అమ్మా, ముందు కరెంటు సంగతి. ఎవరు ఎంత ధైర్యం చెప్పినా ఆ పని చేయకండి. పరాయివాళ్లు రాకుండా దారిలో కరెంటు తీగ కట్టి ఒక స్త్రీ మరణానికి కారణమైన వ్యక్తికి పడిన శిక్షను 1963లోనే సుప్రీంకోర్టు ఖాయం చేసింది. అనుమతి లేకుండా మన స్థలంలోకి వచ్చినంత మాత్రాన ప్రాణం తీసే హక్కు మనకు రాదని తేల్చింది. తెల్లవారుజామున మీ తోట మీదుగా వెళ్లే మనిషికి ఆ తీగ తగిలితే భారతీయ న్యాయ సంహిత 106 సెక్షన్ కింద ఐదేళ్ల దాకా జైలు. తెలిసి చేశారని తేలితే 105 కింద కేసు ఇంకా బరువవుతుంది. ఎలుగు చనిపోయినా తప్పించుకోలేరు. వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్ జంతువు కనుక కనీసం మూడేళ్లు. 2023 మేలో భామిని మండలంలో కరెంటు తగిలి నాలుగు ఏనుగులు చనిపోయిన సంగతి మన ప్రాంతంలో అందరికీ తెలిసిందే. తప్పదనుకుంటే బ్యాటరీ మీద నడిచే, ప్రమాణాలకు తగ్గ సోలార్ కంచె వేయించుకుని హెచ్చరిక బోర్డులు పెట్టండి. దానికీ మెయిన్ లైను నుంచి నేరుగా కలపకూడదు.

ఇక హద్దు. మీ భూమికి కంచె వేసుకునే హక్కు మీకుంది, ఎవరి అనుమతీ అక్కర్లేదు. కానీ కొలత లేకుండా పాతిన స్తంభం రేపు కోర్టులో మీకే ఎదురు తిరుగుతుంది. గ్రామ సచివాలయంలో గానీ మీసేవలో గానీ హద్దు కొలతకు, అంటే ఎఫ్‌-లైన్‌కు దరఖాస్తు చేయండి. సర్వేయరు పక్క రైతులకు నోటీసిచ్చి, పొలం కొలతల పుస్తకం (ఎఫ్ఎంబీ) ప్రకారం కొలుస్తారు. మీ ఊళ్లో భూముల రీసర్వే అయిపోయి ఉంటే కొత్త భూపటమైన ఎల్‌పీఎం చూస్తారు. కొలిచే రోజు మీవారిని తప్పక రమ్మనండి, బావగారు కూడా ఉండేలా చూడండి, పంచనామా నకలు తీసుకోండి. స్తంభాలు సరిగ్గా గీత మీద కాకుండా జానెడు లోపలికి పాతించి, ఆ సంగతి కాగితంలో రాయించుకోండి. సర్వేయరు హద్దు కొలుస్తారే తప్ప హక్కు తేల్చరు. పంపకాల కాగితం మీదే తగాదా అయితే అది సివిల్ కోర్టులోనే తేలాలి. అక్కడ అవసరమైతే కోర్టు నియమించే లాయరును, అంటే అడ్వకేట్ కమిషనర్‌ను పంపి స్థలం చూపించమని మనం అడగవచ్చు.

దారి విషయంలో మాత్రం బావగారి మాట తోసిపుచ్చలేం. ఒకే కమతాన్ని పంచుకున్నప్పుడు, ఒకరి వాటాకు మరొకరి వాటా మీదుగా తప్ప వేరే దారి లేకపోతే, ఆ దారి హక్కును 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం 13 సెక్షన్ ఇస్తుంది. దీనికి ఇరవై ఏళ్ల వాడకం చూపనవసరం లేదు. వేరే దారి ఉండి, అది కాస్త చుట్టయినంత మాత్రాన ఈ హక్కు రాదు. అప్పుడు ఇరవై ఏళ్లుగా అడ్డులేకుండా హక్కుగా వాడుతున్నారా అన్నది చూస్తారు. నా అభిప్రాయం అడిగితే, బండి పట్టేంత గేటు పెట్టి, తాళం చెవి ఆయనకూ ఇచ్చి, ఇద్దరూ ఒక కాగితం రాసుకోండి. దీని మీద దావా వేస్తే తేలేలోపు మీ మేకలు ఎన్ని ఈతలు ఈనుతాయో! అలాగే గెడ్డ, చెరువుగట్టు, ప్రభుత్వ రస్తా మీ గీతకు ఆనుకుని ఉంటే అటువైపు అంగుళం కూడా జరగకండి.

చట్టం మాట కాకపోయినా చెప్పాలనిపించింది: మేకలకు ముళ్లతీగ ఆగదు, పైగా పొదుగులు చీరుకుంటాయి. జాలీ వేయించండి.

ఆవులు మీ తోటలో పడి పాడుచేస్తుంటే పట్టుకునే హక్కు 1871 నాటి పశువుల అతిక్రమణ చట్టం 10 సెక్షన్ ఇస్తోంది. మేకలకూ అదే వర్తిస్తుంది. కానీ ఇరవై నాలుగు గంటల్లోగా బందెలదొడ్డికి తోలాలి. కొట్టడం, అమ్మడం, నష్టం కట్టేదాకా ఇంట్లోనే ఉంచుకోవడం కుదరదు. బందెలదొడ్లు చాలా ఊళ్లలో లేవు కనుక, వెంటనే పంచాయతీ కార్యదర్శికి రాతపూర్వకంగా తెలిపి రసీదు తీసుకోండి, పాడైన మొక్కల ఫొటోలు ఉంచుకోండి. నష్టపరిహారం విడిగా దావాలో అడగవచ్చు. ఇది మీ మేకలకూ వర్తిస్తుందని మరచిపోకండి. పశువులను అదుపులో ఉంచుకోవాల్సింది వాటి యజమానే.

ముందు బావగారితో కూర్చునే ప్రయత్నం చేయండి. కుదరకపోతే లోక్ అదాలత్ ద్వారా రాజీ చేసుకోవచ్చు. దానికి కోర్టు ఫీజు ఉండదు. మీరు స్త్రీ కనుక ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు దరఖాస్తు చేయండి, లేదా 15100కు ఫోన్ చేయండి. పంపకాల కాగితం, పాసుపుస్తకం, ఎఫ్‌-లైన్ రసీదు దగ్గర పెట్టుకుని మాట్లాడండి.